రాష్ట్ర హోం మంత్రి గారికి బహిరంగ లేఖ: గుడి, మసీదు, చర్చి వాకిట ఉండే మనుషుల గురించి

గౌరవనీయులైన హోం మంత్రి గారికి,

విజయవాడ వన్‌టౌన్ వాస్తవ్యుడు నమస్కరించి రాసుకుంటున్న విన్నపం.

మూలా నక్షత్రం నాడు ఇంద్రకీలాద్రి చుట్టూ, ఫిబ్రవరిలో గుణదల మేరీమాత ఉత్సవాల్లో మీ శాఖ చేసే బందోబస్తును ఏటా చూస్తున్నాం, అందుకు కృతజ్ఞులం. నా బాధంతా పండుగ వెళ్లిన మర్నాటి నుంచి మొదలవుతుంది. 2002 నవంబరు 21న దిల్‌సుఖ్‌నగర్ సాయిబాబా గుడి దగ్గర బాంబు పేలింది మామూలు గురువారం నాడే. 2007 మే 18న మక్కా మసీదులో, నమాజుకు ముందు వుజూ (కాళ్లూ చేతులూ కడుక్కోవడం) చేసుకునే చోటికి దగ్గరలో పేలింది మామూలు శుక్రవారం నాడే. అంతకుముందు 2000 జూన్‌లో ఒంగోలు, తాడేపల్లిగూడెం చర్చిల్లోనూ పేలుళ్లు జరిగాయి. మన తెలుగు నేల మీద గుడి, మసీదు, చర్చి ఏదీ ఈ గాయం తగలకుండా మిగల్లేదు.

గత కార్తీక సోమవారం మా వీధి గుడిలో ధ్వజస్తంభం పక్కన ఒక నీలం ఎయిర్‌బ్యాగు గంటసేపు అలాగే ఉండిపోయింది. దాన్ని మొదట గమనించింది చెప్పులు కాసే పెద్దావిడ. ఎవరికి చెప్పాలో తెలియక, జనానికి అడ్డమని తన చేతులతోనే ఎత్తి గోడవారకు జరిపింది. అందులో ప్రమిదలు, నూనె సీసా, తడి చీర ఉన్నాయి గనక సరిపోయింది. అలాంటి సంచిని ముట్టుకోకూడదని, జనాన్ని దూరం జరిపి 112కి ఫోన్ చేయాలని ఇన్నేళ్లలో ఆవిడకు ఒక్కరూ చెప్పలేదు. పైగా ఆ రోజు వెనక గేటుకు తాళం వేసి ఉంది. ఎవరైనా కేక పెట్టి ఉంటే అంతమందీ ఒకే వాకిలి మీద పడేవారు.

2013లో ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన ప్రజా భద్రతా చట్టం పుణ్యమా అని కెమెరాలు చాలాచోట్ల పెట్టారు, కానీ వాటిని ఆ క్షణంలో చూసేవారు లేరు. 2019 ఈస్టర్ నాడు శ్రీలంకలోని మట్టక్కళప్పు (బట్టికలోవా) పట్టణంలో, బరువైన సంచితో వచ్చిన అపరిచితుణ్ని ఒక విశ్వాసి చర్చి వాకిట్లోనే నిలదీసి తన ప్రాణం పోగొట్టుకుని లోపల ఉన్న ఎందరినో కాపాడాడు. దాడి జరగవచ్చన్న సమాచారం అక్కడి అధికారులకు ముందే అందినా చర్చిలకు చేరలేదన్నది మనం మరువరాని సంగతి.

కాబట్టి ప్రతి స్టేషన్ పరిధిలో అర్చకులను, ఇమాములను, పాస్టర్లను, వారితోపాటు చెప్పుల స్టాండు, పూల కొట్ల వాళ్లను మూడు నెలలకోసారి ఒకచోట కూర్చోబెట్టి, బాంబ్ స్క్వాడ్ వారితో తెలుగులోనూ ఉర్దూలోనూ శిక్షణ ఇప్పించమని కోరుతున్నాను. హెచ్చరిక వచ్చిన రోజున ఎస్సై గారి ఫోన్ నేరుగా వారికే రావాలి. ప్రార్థన సాగుతున్నంతసేపూ వెనక తలుపులకు తాళం ఉండకూడదు. తనిఖీ చేసేటప్పుడు ముఖాన బొట్టుందా, తలపై టోపీ ఉందా అని చూడకుండా అందరి సంచులనూ ఒకేలా చూడాలి.

వచ్చే కార్తీకానికి ముందే మొదటి తరగతి మా వన్‌టౌన్‌లో పెట్టించండి. స్థలం, కుర్చీలు, మంచినీళ్లు మేము చూసుకుంటాం. ఆ పెద్దావిడను నేనే తీసుకొస్తాను.

ఇట్లు,
భవదీయుడు,
వన్‌టౌన్ పౌరుడు, విజయవాడ