వార్షిక నివేదిక 2025-26: పెళ్లి చట్టం వచ్చేదాకా చేతిలో ఉండాల్సిన కాగితాలు

సభ్యులందరికీ నమస్కారం.

స్వలింగ వివాహాలకు గుర్తింపు ఇవ్వలేమని 2023 అక్టోబరు 17న సుప్రియో కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. రివ్యూ పిటిషన్లూ 2025 జనవరిలో వీగిపోయాయి. ఇక చట్టం మార్చాల్సింది పార్లమెంటే. ఈలోగా జంటలు బతకాలి, జబ్బు పడతారు, ఆస్తి కొంటారు. అందుకే ఈ ఏడాది మా పని ఎక్కువగా కాగితాల చుట్టూనే తిరిగింది.

ముందుగా, అవగాహన సభల్లో మళ్లీ మళ్లీ వచ్చిన ప్రశ్న: 'ఇది మతంలో జోక్యం కాదా?' కాదు. ఏ పురోహితుడో, పాస్టరో, ఖాజీయో ఈ పెళ్లి జరిపించాలని మనం అడగడం లేదు. 1954 ప్రత్యేక వివాహ చట్టం మతంతో పనిలేని పెళ్లి కోసమే ఉంది. నోటీసు, 30 రోజుల గడువు, ముగ్గురు సాక్షులు, వివాహ అధికారి ధ్రువపత్రం, అంతే. సెక్షన్ 4లో పురుషుడికి 21, స్త్రీకి 18 ఏళ్లు అన్న దగ్గరే, అంటే జంటలో ఒకరు పురుషుడు, ఒకరు స్త్రీ అన్న లెక్కలోనే, మన జంటలకు మొదటి అడ్డు. లౌకిక ప్రభుత్వం నడిపే రిజిస్టరులో చోటు అడగడం ఏ గుడినీ, మసీదునూ, చర్చినీ ముట్టుకోదు. (ఆ చట్టం కింద ఇచ్చే బహిరంగ నోటీసు మతాంతర జంటలనూ వేధిస్తోంది. ఈ విషయంలో వాళ్లతో కలిసి నడవాలని మా అభిప్రాయం.)

సుప్రియో తీర్పులో చాలామంది గమనించని మాట ఒకటుంది. ట్రాన్స్‌జెండర్ వ్యక్తి స్త్రీ-పురుష బంధంలో ఉంటే ఇప్పుడున్న చట్టాల కిందే పెళ్లి చేసుకోవచ్చు. వివాహ రిజిస్ట్రేషన్ కార్యాలయంలో కాదంటే వాదనకు దిగకండి. కారణం రాసిమ్మని అడగండి. ఆ కాగితం ఉంటేనే హైకోర్టులో పని జరుగుతుంది.

ఎక్కువ సమయం పట్టింది వీలునామాలకే. హిందూ వారసత్వ చట్టంలో సహచరుడికి వారసుల జాబితాలో చోటే లేదు. వీలునామా లేకపోతే ఇరవై ఏళ్లు కలిసి ఉన్నా ఆస్తి పుట్టింటివాళ్లకే పోతుంది. వీలునామాకు స్టాంపు సుంకం అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. అయినా చేయించమనే చెబుతున్నాం, ఎందుకంటే సవాలు చేసేది సాధారణంగా సొంత అన్నదమ్ములే. ఇద్దరు సాక్షులు మీరు సంతకం చేయడం చూసి, మీ ఎదుటే సంతకం చేయాలి. ఆస్తి దక్కే వ్యక్తిని సాక్షిగా పెట్టకండి. ఉమ్మడి ఆస్తి ఉంటే అందులో మీ వాటా వరకే రాయగలరు.

నామినీగా రాశాం కదా, చాలదా అంటారు. చాలదు. నామినీ డబ్బు అందుకునేవాడే, యజమాని కాడు. షేర్ల విషయంలో 2023 డిసెంబరులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. జాయింట్ ఖాతా తెరవడానికి, భాగస్వామిని నామినీగా పెట్టడానికి అడ్డు లేదని కేంద్ర ఆర్థిక శాఖ 2024 ఆగస్టు 28న స్పష్టం చేసింది; బ్యాంకుకు వెళ్లేటప్పుడు ఆ ప్రతి వెంట ఉంచుకోండి. 2025 నవంబరు 1 నుంచి బ్యాంకు డిపాజిట్లకు నలుగురు నామినీలను పెట్టుకోవచ్చు. ప్రావిడెంట్ ఫండ్ దగ్గర మాత్రం చిక్కుంది: మీపై ఆధారపడిన తల్లిదండ్రులున్నా వాళ్లు 'కుటుంబం' కిందికే వస్తారు, అప్పుడు సహచరుడి పేరు రాసినా చెల్లదు. పన్నులోనూ అంతే. భార్యాభర్తల మధ్య బహుమతికి పన్ను లేదు. మన జంటల్లో ఏడాదికి ₹50,000 దాటితే మొత్తం సొమ్ము ఆదాయమైపోతుంది. వీలునామా ద్వారా వచ్చినదానికి ఈ బెడద లేదు.

ఆసుపత్రి విషయంలో జనరల్ పవర్ ఆఫ్ అటార్నీని (మీ తరఫున వ్యవహరించే అధికారం ఇచ్చే పత్రాన్ని) నమ్ముకోకండి. రాసిచ్చినవాళ్ల మతి తప్పితే, అంటే సరిగ్గా అవసరమైన వేళకే, దాని చెల్లుబాటు పోతుంది. స్పృహలో ఉన్న వయోజనుల శస్త్రచికిత్సకు వాళ్ల సమ్మతే కావాలి, బంధువులది కాదు. ఇది 2008 నాటి సుప్రీంకోర్టు తీర్పు. ప్రాణాంతక దశకు ముందస్తు వైద్య నిర్దేశం (ఏ చికిత్స వద్దో ముందే చెప్పే పత్రం) రాసుకోవచ్చు: ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ చాలు. మానసిక చికిత్సకైతే 2017 మానసిక ఆరోగ్య చట్టం ఇంకా సులువు. తెల్లకాగితంపై సంతకం చేసి నచ్చిన వయోజనుడిని, వారి అంగీకారంతో, ప్రతినిధిగా పెట్టుకోవచ్చు.

ఇంట్లో నిర్బంధించిన కేసుల్లో హెబియస్ కార్పస్ పిటిషనే (నిర్బంధంలో ఉన్న వ్యక్తిని కోర్టు ముందుకు తేవాలని కోరే పిటిషనే) దారి. ఆ వ్యక్తితో న్యాయమూర్తులు ఏకాంతంగా మాట్లాడాలని, లైంగికతను మార్చే కౌన్సెలింగ్‌కు పంపకూడదని 2024 మార్చిలో సుప్రీంకోర్టు మార్గదర్శకాలిచ్చింది. పెళ్లి ఒక్కటే కుటుంబానికి మూలం కాదని 2025 మేలో మద్రాసు హైకోర్టు అన్నది కూడా ఇలాంటి కేసులోనే. పిటిషన్‌లో ఈ రెండూ ఉదహరించమని మీ వకీలుకు చెప్పండి.

దత్తతలో మార్పేమీ లేదు. ఒంటరి వ్యక్తిగా ఒక్కరే తీసుకోవచ్చు, ఒంటరి పురుషుడికి ఆడపిల్లను ఇవ్వరు.

జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం. మానసిక ఆరోగ్య చట్టంలోని ప్రతినిధి పద్ధతిని అన్ని ఆసుపత్రులకూ వర్తింపజేయాలని మన జంటల హక్కులను పరిశీలించేందుకు కేబినెట్ కార్యదర్శి నేతృత్వంలో ఏర్పడిన కమిటీకి ఇచ్చే విజ్ఞాపన ముసాయిదాను సర్వసభ్య సమావేశంలో పెడతాం. సవరణలుంటే ముందుగా రాసివ్వండి.

కార్యవర్గం