తెలుగులోనే ఉంది, వెతికితే దొరకదు

సంపాదకులకు నమస్కారం.

పదమూడేళ్లుగా హైదరాబాద్‌లో ప్రోగ్రామర్‌గా పనిచేస్తున్నాను. పోయిన నెలలో ఊరి నుంచి నాన్న ఫోన్ చేసి, "పంట నష్టపరిహారం జాబితా నెట్‌లో పెట్టారటరా, నా పేరుందేమో చూడు" అన్నారు. ఫైలు దొరికింది. మొత్తం 190 పేజీలు. మా ఊరి పేరు కొట్టి వెతికితే లేదంది. ఇంటిపేరు కొట్టినా లేదంది. మొదటి పేజీ నెత్తిన పెద్దక్షరాలతో "జాబితా" అని కనబడుతోంది, ఆ మాట కొట్టినా లేదనే అంది. అనుమానమొచ్చి ఒక వరుస కాపీ చేసి వేరేచోట పేస్ట్ చేస్తే ఇంగ్లీషు అక్షరాలు, డాలర్ గుర్తులు, బ్రాకెట్లు వచ్చాయి. ఇక రాత్రి 11 దాటేదాకా ఒక్కో పేజీ తిప్పుకుంటూ కూర్చున్నాను. 143వ పేజీలో నాన్న పేరు దొరికింది. సర్వే నంబరు తప్పు పడింది. అభ్యంతరాలు చెప్పుకోవడానికి మిగిలింది రెండే రోజులు.

అలా పేజీలు తిప్పే కొడుకో కూతురో లేని రైతు సంగతేమిటి?

ఆ జాబితా డీటీపీ (కంప్యూటర్‌లో పేజీలు కూర్చి అచ్చుకిచ్చే పద్ధతి) రోజుల నాటి పాత ఫాంటుతో టైపు చేసింది. ఆ ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరాలుండాల్సిన గదుల్లో తెలుగు అక్షరాల ముక్కలు కూర్చోబెడతారు. తలకట్టు ఒక గదిలో, గుడి ఇంకో గదిలో. కంటికి తెలుగు కనిపిస్తుంది, ఫైలు లోపల ఉన్నది మాత్రం ఇంగ్లీషు గుర్తులే. ప్రపంచ భాషల అక్షరాలకు సంఖ్యలిచ్చే ప్రమాణమైన యూనికోడ్‌లో అలా కాదు. ప్రతి అక్షరానికీ సొంత సంఖ్య ఉంటుంది. "అ"కి 3077, "క"కి 3093. ఏ ఫోన్‌లో తెరిచినా, ఏ ఫాంటు వేసినా అది "క"గానే ఉంటుంది. 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి వెర్షన్‌లోనే తెలుగు ఉంది. ప్రభుత్వ కంప్యూటర్ పనుల్లో భారతీయ భాషలకు ఇదే ప్రమాణమని కేంద్రం 2009లోనే ప్రకటించింది. ఇన్నేళ్ల తర్వాత కూడా పాత ఫాంట్లతో చేసిన ఫైళ్లు కొన్ని, ప్రింటు తీసి సంతకం పెట్టి స్కాన్ చేసిన బొమ్మలు కొన్ని మనకు అందుతున్నాయి. ఆ స్కాన్లు మరీ అన్యాయం, అందులో అక్షరమే ఉండదు, అంతా ఫొటోయే.

చూపులేని మా సహోద్యోగి ఒకరు, తెరమీది అక్షరాలను పైకి చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తో కోడ్ రాస్తారు. ఆ జాబితాలో ఒక పేజీ ఆయన కంప్యూటర్‌లో తెరిపించాను. యంత్రం "డాలర్, బ్రాకెట్, స్లాష్" అని చదువుకుంటూ పోయింది. ఒక్క తెలుగు మాట రాలేదు. ఆయన ఇయర్‌ఫోన్స్ తీసి పక్కన పెట్టి, "మా ఊరి నోటీసులన్నీ నాకు ఇలాగే వినిపిస్తాయి" అన్నారు. వికలాంగుల హక్కుల చట్టం వచ్చింది 2016లో. సమాచారం అందరికీ అందేలా ఉండాలని ఆ చట్టంలోనే ఉంది.

మా ఆఫీసులో ఈ మాటెత్తితే, "మనం టెక్నాలజీ వాళ్లం, రాజకీయాలు మనకెందుకు" అంటారు. నేనొప్పుకోను. ఒక జాబితాను జనం వెతుక్కోగలిగేలా పెట్టాలా, పెట్టామనిపించుకుంటే చాలా అన్నది రాజకీయ నిర్ణయమే. సమాచార హక్కు చట్టం 2005లోనే, అడక్కముందే సమాచారం బయటపెట్టండి, స్థానిక భాషను దృష్టిలో ఉంచుకోండి అని చెప్పింది. వెతకడానికి వీల్లేకుండా బయటపెడితే సగం దాచినట్టే కదా.

2018 ఫిబ్రవరిలో "జ్ఞా" అనే మన అక్షరం ఒక రకంగా టైపయితే ఐఫోన్లలో మెసేజ్ యాప్‌లు కుప్పకూలాయి. ప్రపంచమంతా గోల చేసింది, ఆ నెలలోనే ఆపిల్ సరిచేసింది. అది నిజంగా చిక్కు సమస్య. మనది అంత కూడా కాదు. పాత ఫాంట్ల నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు ఎప్పటినుంచో ఉన్నాయి. ఉచితంగా వాడుకోగల తెలుగు యూనికోడ్ ఫాంట్లు బోలెడున్నాయి. ఆపరేటర్లను తప్పుపట్టడం లేదు. ఇరవయ్యేళ్లుగా వేళ్లకు అలవాటైన కీబోర్డు మార్చుకోమంటే ఎవరికైనా టెన్షనే. అందుకే ఆ పాత కీబోర్డు పద్ధతినే ఉంచి, లోపల యూనికోడ్ పడేలా చేసి ఇవ్వాలి, నాలుగు రోజులు పక్కన కూర్చుని నేర్పాలి.

తెలుగులో ఏఐ తెస్తామని రెండు రాష్ట్రాల నాయకులూ అంటున్నారు, సంతోషం. ముందు మన జీవోలు, జాబితాలు, నోటీసులు యంత్రం చదవగలిగే తెలుగులోకి రావాలి. యూనికోడ్‌లో లేని తెలుగు ఫైలును, స్కాన్ బొమ్మను వెబ్‌సైట్‌లోకి ఎక్కించడం కుదరదని ఉభయ ప్రభుత్వాలూ ఉత్తర్వు ఇవ్వాలి. సంతకం కావాలంటే డిజిటల్ సంతకం ఉండనే ఉంది. ఈ ఖరీఫ్ జాబితాలు వచ్చేలోపు కనీసం రైతులకు సంబంధించిన ఫైళ్లకైనా ఇది అమలు చేయాలని వ్యవసాయ, రెవెన్యూ శాఖల అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

– ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్