డాబా మీది సోలార్ పలకలకు దక్షిణమొక్కటే దిక్కు కాదు

సంపాదకులకు నమస్కారం.

ఇళ్ల పైకప్పుల మీద సౌర విద్యుత్తు గురించి మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. పలకలను దక్షిణానికి తిప్పి, ఆ ఊరి అక్షాంశమంత వాలుతో బిగించాలని అందులో రాశారు. ఉత్తరార్ధ గోళంలో ఒక్కో పలక నుంచి ఏడాదికి ఎక్కువ యూనిట్లు రాబట్టడానికి ఆ సూత్రం దాదాపుగా సరైనదే. కానీ చదునైన డాబా మీద లెక్క చూడవలసింది పలకకు కాదు, డాబా మొత్తానికి.

వాలుగా నిలిపిన ప్రతి వరుసా తన వెనక వరుస మీద నీడ వేస్తుంది. డిసెంబరు 21 ప్రాంతంలో మధ్యాహ్న సూర్యుడి ఎత్తు తెలియాలంటే 90 నుంచి అక్షాంశాన్ని, మరో 23.5ను తీసివేస్తే చాలు. 50 డిగ్రీల అక్షాంశంలో అది 16.5 డిగ్రీలే, మీటరు ఎత్తు లేచిన అంచు నీడ సుమారు 3.4 మీటర్లు పాకుతుంది. 20 డిగ్రీల దగ్గర మీటరు లోపే. ఆ మేరకు డాబాను ఖాళీగా వదలాలి.

అదే 10 డిగ్రీల వాలుతో ఒకటి తూర్పుకు, ఒకటి పడమరకు వీపులు ఆనించి అమరిస్తే, జంటకూ జంటకూ మధ్య మనిషి నడిచే దారి ఉంటే చాలు. ఒక్కో పలక దిగుబడి కొంత తగ్గుతుంది. అయితే ఎక్కువ పలకలు పడతాయి, గాలి తాకిడి తగ్గుతుంది, వాటిని అదిమి ఉంచే దిమ్మెల బరువూ తగ్గుతుంది. ఉత్పత్తి మధ్యాహ్నం ఒక్క వేళే ఎగసిపడకుండా పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పరుచుకుంటుంది. ఇది ఇంటి యజమాని ఒక్కరి సంగతి కాదు. వీధిలో అందరి పలకలూ దక్షిణమే చూస్తే అందరి మిగులు కరెంటూ ఒకే వేళ లైన్ల మీద పడుతుంది.

స్థలం పుష్కలంగా ఉండి, పలకలు కొన్నే అయితే దక్షిణమే మేలు. శీతాకాలపు వాడకం ఎక్కువైన చల్లని ప్రాంతాల్లోనూ అంతే. తూర్పు పలకలను, పడమర పలకలను ఒకదాని వెంట ఒకటిగా ఒకే వైరింగులో (సిరీస్‌లో) కలపకూడదు. పలకల కరెంటును ఇంటి వాడకానికి తగినట్టు మార్చే ఇన్వర్టర్‌లో వేటి ఇన్‌పుట్ వాటికి ఉండాలి. వాలు 10 డిగ్రీల కన్నా తగ్గితే దుమ్మును వాన సరిగా కడగదు. పిట్టగోడ, నీళ్ల ట్యాంకు నీడలను విస్మరించి దిక్కు గురించి ఎంత చర్చించినా వృథా.

పాఠశాలలు, ఆసుపత్రులు, కార్యాలయాల టెండర్లలో కిలోవాట్లు మాత్రమే అడిగితే సరిపోదు. రెండు అమరికలకూ గంట గంటకు ఎంత ఉత్పత్తి వస్తుందో, ఆ వేళకు ఆ భవనం ఎంత వాడుతుందో పక్కపక్కన చూపించమనాలి. నీడల పటం జతచేయమనాలి. నిబంధనల్లో దక్షిణ దిశను తప్పనిసరి చేసిన చోట, చదును పైకప్పులకైనా ఆ షరతును తొలగించాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు