ఉపగ్రహం ఎగిరాక ఏమి చేస్తోందో కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

రాకెట్ ఎగిరిన వార్త మొదటి పేజీలో వేస్తారు, సంతోషం. ఆ తర్వాతి పని కూడా రాయండి. 2015లో శ్రీహరికోట నుంచి వెళ్లిన మన ఖగోళ పరిశోధన ఉపగ్రహం ఆస్ట్రోశాట్ వందల గామా కిరణ విస్ఫోటనాలను, అంటే సుదూర విశ్వంలో కొద్దిసేపు మెరిసే మహాశక్తిమంతమైన మెరుపులను, పసిగట్టింది.

మొన్న కళింగపట్నం తీరాన ఒక విద్యార్థిని "ఆ మెరుపు ఎటునుంచి వచ్చిందో ఎలా తెలుస్తుంది మాస్టారూ?" అని అడిగింది. టార్చి ముందు వేళ్లు చాచి ఇసుకమీద నీడ చూపించాను. టార్చి జరిపితే నీడా జరిగింది. ఇలాంటి మెరుపులను వెతికే నాసా వారి స్విఫ్ట్ ఉపగ్రహంలో సీసపు బిళ్లలు పేర్చిన తెర చేసేది ఇదే. నీడను బట్టి దిక్కు లెక్కగట్టి, ఉపగ్రహం వెంటనే అటు తిరుగుతుంది. కబురందగానే నేలమీది టెలిస్కోపులు చల్లారుతున్న వెలుగును వెతుకుతాయి. లద్దాఖ్‌లోని మన హాన్లే వేధశాల కూడా ఆ వరుసలో ఉంది.

మా పిల్లలకు ఇవి తెలుగులో కావాలి. వారానికి అర కాలమ్ కేటాయించండి.

– విశ్రాంత సైన్సు ఉపాధ్యాయుడు, శ్రీకాకుళం