రంగు డబ్బాలోని టోకెన్ విలువ డబ్బా మీదే ముద్రించాలి

సంపాదకుడు గారికి నమస్కారం.

మాది తెనాలి. కొద్దిమంది పనివాళ్లతో ఇళ్లకు రంగులు వేయించే చిన్న కాంట్రాక్టు నాది. దసరా ముందు, సంక్రాంతి ముందు, పెళ్లి కుదిరిన ఇళ్లలో మాకు పని ఎక్కువ. ఇంటివాళ్లు అందరూ అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "ఏ కంపెనీ రంగు మంచిది?" ఆ రంగును ఏ దుకాణం నుంచి తెస్తున్నామో, అక్కడి నుంచే ఎందుకు తెస్తున్నామో మాత్రం దాదాపు ఎవరూ అడగరు. అసలు నష్టం జరుగుతున్నది అక్కడే. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

లప్పం బస్తా, ప్రైమర్ డబ్బా, ఎమల్షన్ (నీళ్లు కలిపి గోడలకు వేసే రంగు) బకెట్, చాలా వాటిలో పెయింటర్ కోసం కంపెనీ పెట్టే టోకెన్ ఉంటుంది. ఒకప్పుడు ప్లాస్టిక్ బిళ్ల వచ్చేది, దుకాణంలో ఇస్తే నగదు చేతికిచ్చేవారు. ఇప్పుడు ఎక్కువగా క్యూఆర్ కోడ్ వస్తోంది. పెయింటర్ ఫోన్‌లో స్కాన్ చేస్తే అతని ఖాతాలో పాయింట్లో డబ్బో పడతాయి. ఆ డబ్బు కంపెనీ జేబులోంచి ఊరికే రాదు. ఇంటి యజమాని కట్టే బకెట్ ధరలోనే అది కలిసి ఉంటుంది. కానీ ఆ సంగతి యజమానికి తెలియదు, ఎంతో అసలే తెలియదు. పైగా టోకెన్ విలువ అన్ని రకాలకూ ఒకేలా ఉండదు. కంపెనీ కొత్తగా తెచ్చిన రకానికి, ఎక్కువగా అమ్మాలనుకున్న రకానికి పెంచుతారు. అలాంటప్పుడు "ఈ రకం వేద్దాం సార్, బాగుంటుంది" అని పెయింటర్ చెబితే, ఆ మాట గోడను చూసి చెప్పిందో టోకెన్‌ను చూసి చెప్పిందో తెలుసుకునే దారి యజమానికి ఉందా?

ఇలా రాసినందుకు నా తోటి పనివాళ్లకు కోపం రావచ్చు. వాళ్లను దొంగలనడం నా ఉద్దేశం కాదు. పాత రంగు గీకి, సాండ్‌పేపర్ కొట్టి, లప్పం రెండుసార్లు పెట్టి, దుమ్ములో రోజంతా నిలబడి చేసే పనికి చదరపు అడుగు మీద ఒక్క రూపాయి తగ్గించమని యజమానులు గంటసేపు బేరమాడతారు. అదే బకెట్ ధర మీద ఒక్క మాట మాట్లాడరు. వానాకాలంలో బయటి గోడల పని ఆగిపోతుంది, కూలీ ఆగిపోతుంది. అప్పుడు టోకెన్ డబ్బే ఇంటి ఖర్చుకు ఆసరా. కూలీగా పైకి దక్కాల్సిన డబ్బు డబ్బా అడుగు నుంచి దొడ్డిదారిన వస్తోంది. అది కూలీలోనే కలిసి, అందరికీ కనబడే లెక్కలో రావాలన్నదే నా వాదన.

టోకెన్ తర్వాత మమ్మల్ని కట్టిపడేసేది దుకాణం అప్పు. యజమాని అడ్వాన్స్ ఆలస్యంగా ఇస్తాడు, పని మాత్రం రేపే మొదలుపెట్టమంటాడు. దుకాణంలో ఖాతా ఉంటే సరుకు వస్తుంది. పాత బాకీ తీరనంత కాలం అక్కడే కొనాలి. అక్కడ పాత సరుకు అంటగట్టినా, మేం అడిగింది కాకుండా వేరే కంపెనీది ఇచ్చినా నోరెత్తలేం. అందుకే నేను మెటీరియల్‌ను, కూలీని విడదీశాను. రంగు డబ్బు యజమానే నేరుగా దుకాణానికి కడతారు, బిల్లు వాళ్ల పేరు మీదే ఉంటుంది. బకెట్ మూత వాళ్ల ఎదుటే తీయిస్తాను, టోకెన్ ఎంతో చెబుతాను. దీనివల్ల కొన్ని పనులు చేజారాయి. అయినా ఈ పద్ధతి మార్చుకోను.

దుకాణాల వైపు నుంచి చూసినా పూర్తి స్వేచ్ఛ ఉన్నట్టు లేదు. బిర్లా ఓపస్ రంగులు అమ్మే గ్రాసిమ్ కంపెనీ ఫిర్యాదు మీద 2025 జులై 1న, వ్యాపారంలో పోటీ సక్రమంగా ఉందో లేదో చూసే కాంపిటీషన్ కమిషన్ ఏషియన్ పెయింట్స్‌పై విచారణకు ఆదేశించింది. డీలర్లు పోటీ కంపెనీ సరుకు పెట్టకుండా ఒత్తిడి తెచ్చారన్నది ఆరోపణ. అది ప్రాథమిక అభిప్రాయం మీద ఇచ్చిన ఆదేశమే గానీ తుది తీర్పు కాదు. అంతకుముందు ఇదే కంపెనీ మీద జేఎస్‌డబ్ల్యూ పెయింట్స్ చేసిన ఫిర్యాదును కమిషన్ 2022లో కొట్టేసింది కూడా. కాబట్టి ఎవరిది తప్పో చెప్పడం నా పని కాదు. ఏ దుకాణంలోనైనా నాలుగు కంపెనీల సరుకు పక్కపక్కన ఉంటేనే మాలాంటి చిన్నవాళ్లు పోల్చుకుని కొనగలరు. ఊళ్లో ఉన్నవి రెండు మూడు పెద్ద దుకాణాలే అయినప్పుడు ఇది ఇంకా ముఖ్యం.

మంచి దుకాణం అని నేను దేన్నంటానో చెబుతాను. అడగకుండానే బిల్లు ఇచ్చేది. బిల్లు లేకుంటే ధర తగ్గిస్తామనే చోట నేను కొనను. రంగుల మీద జీఎస్టీ 2018 జులైలో 28 శాతం నుంచి 18కి తగ్గింది, అయినా ఆ 18 మిగుల్చుకుందామనే ఆశ ఇంకా పోలేదు. మూడు నెలలకే గోడ ఉబ్బితే, పొట్టు లేస్తే, బిల్లు లేని యజమాని ఎవరిని అడుగుతాడు? కంపెనీ మనిషి వచ్చి మొదట అడిగేది బిల్లు, ఆ తర్వాత బ్యాచ్ నంబరు. డబ్బా మీద తయారీ నెల చూసుకోవాలి. ఎండాకాలం రేకుల షెడ్డులో ఉంచిన ఎమల్షన్ గడ్డలు కడుతుంది, చెమ్మ తగిలిన లప్పం బస్తా లోపలే గట్టిపడుతుంది.

రంగు కలిపే మెషిన్ దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. బకెట్‌లో ఉన్నది బేస్, అంటే షేడ్ ఇంకా కలపని మూల రంగు; షేడ్ కార్డులో చూసిన రంగు మెషిన్ చుక్కల వల్లే వస్తుంది. ఏ బేస్, ఏ కోడ్, ఏ చుక్క ఎంత అనే చీటీ మూత మీద అంటించి ఇవ్వాలి. ఒక ఇంట్లో హాలు గోడకు చివర్లో నాలుగు లీటర్లు తక్కువ పడితే, తెప్పించిన కొత్త డబ్బా షేడ్ కలవలేదు. దుకాణం వాళ్లు చీటీ ఇవ్వలేదు, ఫార్ములా తమ దగ్గర కూడా దాచుకోలేదు. గోడ మొత్తం మళ్లీ వేశాం, ఆ కూలీ నేనే పెట్టుకున్నాను. చీటీ ఇవ్వడానికి ఒక కాగితం, అర నిమిషం చాలు.

అన్నిటికన్నా నన్ను ఎక్కువ భయపెట్టేది సీసం. ఇళ్లకు వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) దాటకూడదని కేంద్రం 2016లో నియమం తెచ్చింది, 2017 నవంబరు 1 నుంచి అది అమల్లో ఉంది. ఆ సంగతి డబ్బా మీద రాయాలి కూడా. ఎమల్షన్ల విషయంలో నాకు అంత బెంగ లేదు. గేట్లకు, కిటికీ గ్రిల్స్‌కు, ఊయలకు వేసే ఎనామెల్‌తోనే బెంగ. అందులోనూ పసుపు, నారింజ, ఎరుపు రంగుల్లో సీసం క్రోమేట్ వాడతారు. నియమం వచ్చాక కూడా చిన్న కంపెనీల ఎనామెల్స్‌లో పరిమితికి మించి సీసం దొరికిందని ఢిల్లీలోని టాక్సిక్స్ లింక్ సంస్థ పరీక్షలు చెప్పాయి. చౌక, పైగా టోకెన్ ఎక్కువ అని చిన్న ఊళ్లలో అలాంటి డబ్బాలు అంగన్‌వాడీ గేటుకు, బడి బెంచీలకు వెళ్తే? సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది, పోయింది మళ్లీ రాదు. పాత గ్రిల్‌ను తడపకుండా సాండ్‌పేపర్‌తో రుద్దే మా కుర్రాళ్ల ఊపిరితిత్తుల్లోకీ ఆ దుమ్మే వెళ్తుంది. నేను పాత ఎనామెల్‌ను తడిపి రుద్దిస్తాను, గుడ్డ కట్టుకోమంటాను. సరుకే సరిగా లేనప్పుడు దానితో ఎంత వరకు ఆగుతుంది?

ప్యాక్ చేసిన సరుకు మీద ధర, పరిమాణం, తయారీ నెల ముద్రించాలని 2011 నియమాలు ఉన్నాయి. టోకెన్ విలువను కూడా ఆ వరుసలో చేర్చాలని కేంద్ర వినియోగదారుల శాఖను కోరుతున్నాను. టోకెన్ ఉంచుకోవడమా, బకెట్ ధరలో తగ్గించుకోవడమా అన్నది అప్పుడు యజమాని, పెయింటర్ ఎదురెదురుగా కూర్చుని తేల్చుకుంటారు. బడులకు, అంగన్‌వాడీలకు రంగులు కొనే టెండర్లలో సీసం పరీక్ష నివేదిక అడగాలి. మన తూనికలు కొలతల అధికారులు పెట్రోలు బంకులకు వెళ్లినట్టే రంగుల దుకాణాలకూ వెళ్లి, లేబుల్ లేని ఎనామెల్ డబ్బాలు కనబడితే సంబంధిత శాఖకు రాయాలి. బిల్లు ఇవ్వని దుకాణం గురించి పాఠకులు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు.

మీ పత్రికకు ఒక విన్నపం. పండగ సీజన్ మొదలయ్యేలోపు మీ విలేకరులు జిల్లాలోని దుకాణాలు తిరిగి, ఏ రకం బకెట్‌లో ఎంత టోకెన్ వస్తోందో కనుక్కుని ఒక పట్టికగా ప్రచురించండి. కంపెనీలు ముద్రించే దాకా కనీసం అదైనా ఇళ్లవాళ్ల చేతిలో ఉంటుంది.

ఇట్లు,
ఒక పెయింటింగ్ కాంట్రాక్టర్,
తెనాలి