ప్రింటర్ అమ్మకురా బాబూ

ఒరేయ్ శీనూ,

"కొత్త రౌటర్ పెట్టించిన దగ్గర్నుంచి ప్రింటర్ మొండికేసింది, ఎంతొస్తే అంతకి అమ్మేస్తా" అన్నావు కదా మొన్న ఫోన్లో. ఆగరా. పోయిన ఏడాది నా జిరాక్స్ షాపులోనూ అచ్చం ఇదే గొడవ. బయట హాల్‌టికెట్ల కోసం పిల్లలు క్యూ, లోపల నేను చెమటలు కక్కుకుంటూ. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావని రాస్తున్నాను.

రౌటర్ బిగించినతను వైఫైకి రెండు పేర్లు పెట్టి వెళ్లాడు, ఒకదానికి చివర 5జీ అని తోక. ఆ పేరునే ఎస్‌ఎస్‌ఐడీ అంటారు, అంతకు మించి అందులో ఏమీ లేదు. ఆ 5జీకీ మన సిమ్ కార్డు 5జీకీ సంబంధం లేదు, అది 5 గిగాహెర్ట్జ్. నా ప్రింటర్‌లాంటి పాత వాటికి 2.4 గిగాహెర్ట్జ్ ఒక్కటే తెలుసు. తోక ఉన్న పేరు దాని లిస్టులోకే రాదు.

సరే, తోక లేని పేరే ఎంచుకున్నా. నా ప్రింటర్‌కి ఉన్నది వేలెడంత తెర, బాణం బటన్లు. పాస్‌వర్డ్‌లో ఒక్కో అక్షరానికీ ఏ నుంచి జెడ్ దాకా నొక్కుకుంటూ పోవాలి, పెద్ద బడి చిన్న బడి మళ్లీ వేరు. పద్నాలుగు అక్షరాలు! మూడుసార్లు కొట్టినా "కనెక్షన్ ఫెయిల్డ్" అనే. తప్పు నా వేళ్లది కాదని సాయంత్రానికి గానీ తెలియలేదు. రౌటర్‌లో తాళం, అంటే వైఫైని కాపాడే పద్ధతి, డబ్ల్యూపీఏ3 ఒక్కటే పెట్టి ఉంది. అది 2018లో వచ్చింది, నా ప్రింటర్ అంతకంటే ముందుది. రౌటర్ సెట్టింగుల్లో సెక్యూరిటీ దగ్గర దానికి ముందుదైన డబ్ల్యూపీఏ2, ఈ డబ్ల్యూపీఏ3 రెండూ కలిపిన ఆప్షన్ ఉంటుంది, అది పెట్టగానే నీలం లైటు మిణుకు ఆపి నిలకడగా వెలిగింది. ముందు నీ రౌటర్‌లో అదే చూడు.

మీ వీధి కుర్రాడు వెప్ పెట్టుకోమన్నాడట! వాడి మాట వినకు. అది 1997 నాటి తాళం, 2001కే దాని గుట్టు రట్టయింది. ప్రింటర్ కోసం షాపంతటికీ తుప్పు తాళం వేస్తావా?

పాస్‌వర్డ్ కొట్టే ఓపిక లేకపోతే డబ్ల్యూపీఎస్ బటన్ ఉంటుంది. రౌటర్ మీద నొక్కి, రెండు నిమిషాల్లోపు ప్రింటర్ మీదా నొక్కితే చాలు. బటన్ వరకూ ఫర్వాలేదు కానీ, అందులోనే ఉండే 8 అంకెల పిన్ పద్ధతిని మాత్రం ఆపెయ్. ఎనిమిది అంకెలంటే పది కోట్ల రకాలు అనుకుంటాం. రౌటరేమో ముందు నాలుగూ వేరుగా, వెనకవి వేరుగా సరిచూస్తుంది, ఆఖరి అంకె లెక్క కట్టి తెలుసుకునేదే. అంతా కలిపి 11,000 ప్రయత్నాలకు దొరికిపోతుందని 2011లోనే బయటపడింది.

ఇంకోటి. కరెంటు పోయి వచ్చాక ప్రింటర్ "ఆఫ్‌లైన్" అంటే కంగారు పడకు. రౌటర్ దానికి కొత్త ఐపీ అడ్రస్, అంటే వైఫైలో దాని ఇంటి నంబరు, ఇచ్చి ఉంటుంది, కంప్యూటర్ ఇంకా పాతింటికే ఉత్తరం వేస్తుంటుంది. రౌటర్‌లో రిజర్వేషన్ అని ఉంటుంది, ప్రింటర్ మ్యాక్ అడ్రస్ (కంపెనీ దానికి వేసిన గుర్తింపు నంబరు) ఇచ్చి ఒకే ఐపీ అడ్రస్ ఖాయం చేసెయ్. నేను అది చేశాక ఆ తలనొప్పి పోయింది.

నీ షాపులో నాకు నచ్చనిది గోడ మీద స్కెచ్ పెన్నుతో రాసిన వైఫై పాస్‌వర్డ్. జనం ఎలాగూ ఫైళ్లు వాట్సాప్‌లోనే పంపుతారు, నెట్ కావాలన్నవాళ్లకి వేరే పేరు, వేరే పాస్‌వర్డ్ ఉండే గెస్ట్ నెట్‌వర్క్ ఇచ్చెయ్. దాన్ని విడిగా ఉంచే సెట్టింగ్ ఆన్‌లో ఉంటే అందులోంచి ప్రింటర్ కనపడదు. స్కాన్ చేసేవన్నీ ఆధార్లూ పట్టాదారు పుస్తకాలేనాయె! ప్రింటర్ సొంత సెట్టింగుల పేజీకి కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డ్ కూడా మార్చు.

ఆదివారం మధ్యాహ్నం షాపు మూశాక వీడియో కాల్ చెయ్, దగ్గరుండి చేయిస్తా. రౌటర్ అడుగున పాస్‌వర్డ్ ఉండే స్టిక్కర్ ఫొటో మాత్రం మన టెన్త్ బ్యాచ్ గ్రూపులో పెట్టకు. నీ సంగతి నాకు తెలుసు.

చెల్లెమ్మని అడిగానని చెప్పు.

నీ
రాజు