గుడ్డ ఎత్తి చూడకు

చిన్నీ,

నీ రూమ్మేట్ చెయ్యి కత్తికి తెగితే రక్తం చూసి నీకు కాళ్లూ చేతులూ ఆడలేదన్నావు. అప్పట్నుంచీ నా మనసు అక్కడే ఉంది.

నీ ఆరో ఏట కిటికీ అద్దం పగిలి నీ అరచెయ్యి తెగింది. నేను తువ్వాలు అదిమిపెట్టాను. కానీ ఆగిందా లేదా అని మాటిమాటికీ ఎత్తి చూశాను. ఎత్తినప్పుడల్లా మళ్లీ కారింది. ఆస్పత్రిలో నర్సమ్మ గుడ్డ మడిచి గాయం మీద పెట్టి, అరచేత్తో నొక్కి, గోడ గడియారం చూస్తూ పది నిమిషాలు కదల్లేదు. ఆగిపోయింది. అప్పుడే గడ్డకడుతున్న రక్తం లేత పొరలా ఉంటుందట, గుడ్డతో పాటే అదీ ఊడొస్తుందట. అది తెలియక నీ నొప్పి పెంచాను తల్లీ.

అందుకే గట్టిగా నొక్కి అలాగే ఉండు. గుడ్డ తడిస్తే తీయకుండా దాని మీదే ఇంకోటి వేసి ఇంకా బలంగా నొక్కు. లోపల ఏదైనా గుచ్చుకుని ఉంటే లాగకు, రక్తాన్ని ఆపుతున్నది అదే కావచ్చు. దాని పక్కల నొక్కు.

రక్తం చిమ్ముతున్నా, నేల మీద మడుగు కడుతున్నా వెంటనే అంబులెన్స్‌ని పిలిపించు. పెద్దవాళ్ల ఒంట్లో ఉండేది సుమారు 5 లీటర్లే. పెద్ద రక్తనాళం తెగితే నిమిషాల్లో ప్రాణం పోతుంది. చేతికో కాలికో తగిలి, నొక్కినా ఆగకపోతే టోర్నికే, అంటే రక్తం పారకుండా బిగించే వెడల్పాటి పట్టీ, కట్టాలి. గాయానికి 2, 3 అంగుళాల పైన, కీలు మీద కాకుండా, రక్తం ఆగేదాకా బిగించి టైం రాసిపెట్టు. సన్నటి తాడు వాడకు. నొప్పికి అరుస్తారు, అయినా వదులు చేయకు. విప్పడం డాక్టర్ల పని.

ముక్కు నుంచి కారితే తల వెనక్కి వాల్చకూడదు. ముందుకు వంగి, ముక్కు మెత్తటి భాగాన్ని పది నిమిషాలు వేళ్లతో నొక్కి పట్టుకుంటే చాలు.

నాకు ఎక్కువ భయం కనిపించని రక్తానికే. బండి మీంచి పడి "నాకేం కాలేదు" అన్న మనిషికి కాసేపటికి ముఖం పాలిపోయి, చల్లటి చెమటలు పట్టి, దాహమంటూ పొంతన లేకుండా మాట్లాడితే లోపల రక్తం పోతుందేమోనని అనుమానించు. బతిమాలినా నీళ్లివ్వకు. పడుకోబెట్టి దుప్పటి కప్పు, ఆస్పత్రికి చేర్చు.

బ్యాగులో గ్లౌజులు, బ్యాండేజీ రోల్ పెట్టుకో. ఈసారి ఇంటికొచ్చినప్పుడు నా చెయ్యి మీద నొక్కి చూపించు, బలం సరిపోతుందో లేదో చెప్తాను.

నాన్న